టైరు లోపలి కుట్టు

క్వెమాషాయి కొండ మీద వానలు మొదలైన వారంలోనే సింగానో మోటారుసైకిలు వెనక టైరు కోసుకుపోయింది. రోడ్డు వెడల్పు చేస్తామని ఎవరో గుట్టలుగా పోయించి వదిలేసిన కంకరలో పదునైన రాయి ఒకటి టైరు పక్కభాగాన్ని వేలెడు పొడవున చీల్చింది. గాలి దిగలేదు కాబట్టి ఆ సాయంత్రం ఎలాగో ఇంటికి చేరాడు. తెల్లారి చూసుకుంటే చీలికలోంచి దారాలు పీచులా బయటికి వచ్చి ఉన్నాయి. వాటి సందులోంచి ట్యూబు చిన్న నల్ల బుడగలా ఉబ్బి కనిపించింది. వేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోయింది. వదిలితే మళ్లీ పైకి వచ్చింది.

ఆ బుడగను చూస్తూ చాలాసేపు గొంతుక్కూర్చున్నాడు సింగానో. కొండ మీది మనుషుల్నీ, బేరిపళ్ల బుట్టల్నీ, క్యాబేజీ బస్తాల్నీ కింద మొంబో ఊరికి దింపడమే అతని బతుకు. దారి పొడుగునా ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. ఈ టైరుతో మనిషిని ఎక్కించుకుని ఆ మలుపులు దిగడం కుదరదని అతనికి తెలుసు. కొత్తది కొనే తాహతు ఈ నెల లేదనీ తెలుసు. భార్య ఉడకబెట్టిన కర్రపెండలం ముక్కలు రెండు నోట్లో వేసుకుని, బండిని తోసుకుంటూ కిహియో కొట్టుకు బయల్దేరాడు.

ఊరి మొగలో రేకుల షెడ్డు కింద కిహియో పంక్చర్లు వేస్తాడు. సింగానో తండ్రితో కలిసి పెరిగినవాడు. అందుకని బాడుగ బండ్ల స్టాండు కుర్రాళ్లందరికీ బాబాయే. ఒకప్పుడు ట్యూబు రుద్దుతున్నంతసేపూ చర్చి పాటలు పాడుతూనే ఉండేవాడు. మూడు మలుపుల అవతలికి వినిపించేది ఆ గొంతు. నెల రోజులుగా ఆ షెడ్డులో పాట లేదు. దానికి కారణం షెడ్డు వెనక గోడకు ఆనించి ఉన్న బండేనని అందరూ అనుకునేవారు.

అది ఎంబేల్వా బండి. ముందు ఫోర్కు వంగిపోయింది. లైటు పగిలి గుంట మిగిలింది. పోలీసులు వదిలిపెట్టాక ఎవరి ఇంటికీ చేర్చలేక ఇక్కడే పెట్టారు. దాని మీద కప్పిన గోనెపట్టా మీద కోళ్లు కూడా ఎక్కడం లేదని కిహియో భార్య ఊరంతా చెప్పింది.

ఎంబేల్వా, సింగానో ఒకే ఏడాది బండ్లు కొన్నారు. ఒకే స్టాండులో నిలబడ్డారు. పోయిన నెల ఓ మధ్యాహ్నం ఎంబేల్వా సలోమె అవ్వను ఎక్కించుకుని కిందికి వెళ్తూ గుడ్డిమలుపు దగ్గర అదుపు తప్పాడు. అవ్వ గట్టు మీద పడి తుంటి విరగ్గొట్టుకుంది. ఎంబేల్వా లోయలోకి పోయాడు. పైకి తెచ్చేసరికి ప్రాణం లేదు. అరటి సారా తాగి నడిపాడని ఎవరు మొదలుపెట్టారో గానీ, శవం ఇంటికి చేరేలోగా ఆ మాట చేరిపోయింది. సలోమె అవ్వ కొడుకులు సమాధి దాకా వచ్చారు గానీ ఆ ఇంట మెతుకు ముట్టలేదు. చర్చిలో పాదిరిగారు కూడా కుర్రాళ్ల దూకుడు గురించి రెండు ముక్కలు మాట్లాడారు. ఎంబేల్వా భార్య తుమైని ముందు వరుసలో కూర్చుని తల దించుకుని వింది.

సింగానో షెడ్డు చేరేసరికి ఆ తుమైనే అక్కడ నిలబడి ఉంది. వీపున ఏడాది పిల్ల, చేతి బుట్టలో జావ పోసిన ఫ్లాస్కు. మొంబో ఆసుపత్రిలో ఉన్న సలోమె అవ్వకు వారానికి రెండుసార్లు జావ కాచి తీసుకెళ్తోందామె. ఎవరూ తీసుకెళ్లమనలేదు, ఎవరూ వద్దనలేదు. హోజా అనే స్టాండు కుర్రాడి బండి కోసం చూస్తోంది.

ఆమె సింగానో టైరు వంక వంగి చూసింది. "అయ్యో, ఇది పనికిరాదు," అంది. తర్వాత షెడ్డు వెనక్కి చూపించింది. "దానికున్న వెనక టైరు తీసుకో సింగానో. పండగ ముందే కొన్నాడు. ఎన్ని రోజులు తిరిగిందని."

"వద్దు వదినా. అమ్ముకుంటే నీకు నాలుగు డబ్బులొస్తాయి."

"ఎవరు కొంటారు? చచ్చినవాడి టైరని మొహం తిప్పుకుంటున్నారు. నువ్వైతే ఆయన పక్కన తిరిగినవాడివి. నీ బండికి ఉంటే నాకు..." ఆ మాట పూర్తి చేయలేదామె. వీపు మీది పిల్లను ఎగదోసుకుంది.

కిహియో పని ఆపి తలెత్తాడు. "ఆ బండి జోలికి ఇప్పుడెందుకు తుమైనీ. అలా ఉండనీ," అన్నాడు.

"ఎందుకుండాలి బాబాయ్? తుప్పు పట్టడానికా?"

ముసలాయన చేతిలోని ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి, బుడగలు ఎక్కడ వస్తున్నాయో చూడకుండా ఊరికే పట్టుకుని కూర్చున్నాడు. అది సింగానో గమనించాడు గానీ ఏమీ అనుకోలేదు.

పొగమంచులోంచి ముందు పాట వచ్చింది, తర్వాత హోజా వచ్చాడు. హ్యాండిలుకు రేడియో కట్టుకుని తిరుగుతాడు వాడు. స్టాండులో అందరికన్నా చిన్నవాడు, నోరు మాత్రం పెద్దది. సింగానో బండి తోసుకొచ్చిన జాడ చూసి, "ఏంటన్నా, బండి నిన్ను మోస్తోందా, నువ్వు బండిని మోస్తున్నావా?" అని నవ్వాడు. సంత రోజు కదా, దారిలో పళ్ల పాకల దగ్గర ఆగి రెండు బుట్టలు కట్టుకుంటానని తుమైనికి చెప్పాడు. ఆమె సరేనని ఎక్కి కూర్చుంది. పిల్ల కాళ్లు రెండూ గుడ్డ మూటలోంచి బయటికి వేలాడాయి. బండి మంచులోకి దిగుతుంటే దాని వెనక టైరు కొత్తగా, నల్లగా నిగనిగలాడుతూ కనిపించింది. తనకూ అలాంటిది ఉంటే బాగుండేదని సింగానో ఒక్క క్షణం అసూయపడ్డాడు.

వాళ్లు వెళ్లాక గోనెపట్టా తీసి బండిని బయటికి లాగాడు. కిహియో సాయం పట్టలేదు. వద్దనీ అనలేదు. సింగానోయే స్పానరు తీసుకుని యాక్సిల్ నట్టు విప్పాడు. చైను జార్చి, చక్రం బయటికి తీసి, లీవర్లు దూర్చి టైరు అంచును రిమ్ము మీంచి లేపాడు. టైరుకు ఒక పక్కంతా లోయ బురద ఎండి అట్ట కట్టి ఉంది. ట్యూబు పీకితే చిరిగిన పేలికలా వచ్చింది. పడినప్పుడు రాయి తగిలి చిరిగిందేమో అనుకున్నాడు.

కొత్త ట్యూబు వేసే ముందు టైరు లోపల అరచెయ్యి పెట్టి చుట్టూ తడమడం అతనికి అలవాటు. ముల్లు మిగిలిపోతే అది మళ్లీ పొడుస్తుంది. చెయ్యి సగం దూరం నున్నగా పోయి, ఒకచోట గట్టులాంటి దాని మీద ఆగింది.

టైరును వెలుతురులోకి తెచ్చి, పక్కలు విడదీసి చూశాడు. లోపల అరచెయ్యంత రబ్బరు ముక్క అంటించి ఉంది. దాని ఒక అంచు లేచిపోయి ఉంది. గోరుతో లాగితే ఊడి వచ్చింది. కింద కుట్టు కనిపించింది. చేపల వలకు వాడే నైలాను దారంతో, బస్తా మూతి కుట్టినట్టు అడ్డంగా కుట్టారు. కుట్లలో సగం తెగి ఉన్నాయి. తెగిన చోట టైరు పెదవులు విడినట్టు విడిపోయి, వేలు పెడితే బయట బురద తగిలింది.

బయటి బురదను నీళ్లతో కడిగాడు. బురదతో పాటు నల్ల రంగు చేతికి అంటింది. రంగు కింద రబ్బరు బూడిద రంగులో, ముసలి చర్మంలా పగుళ్లతో ఉంది. పైన ఉన్న లోతైన గాట్లు కూడా ఫ్యాక్టరీవి కావు. అరిగి నున్నగా అయిపోయిన టైరు మీద కాల్చిన బ్లేడుతో ఎవరో ఓపిగ్గా కోసిన గాట్లవి. ఒక్కో గాటు అడుగున దారాలు తెల్లగా కనిపిస్తున్నాయి.

సింగానో వెనక్కి తిరిగాడు. కిహియో గోడకు ఆనుకుని అతన్నే చూస్తున్నాడు. ఆ ముఖం చూడగానే అతనికి అర్థమైంది, ముసలాయనకు ఇది కొత్త సంగతి కాదని.

"నువ్వే కదా బాబాయ్ ఎక్కించింది."

"నేనే."

"చెయ్యి పెట్టి చూడలేదా?"

కిహియో చూశానన్నాడు. కుట్టు చేతికి తగిలిందనీ, ఈ టైరు మనిషిని మోసేది కాదని ఎంబేల్వాతో చెప్పాననీ అన్నాడు. బేరిపళ్ల కాలం అయ్యేదాకా లాగిస్తాను, తర్వాత తీసేస్తాను, ఇంట్లో మాత్రం చెప్పకు అని ఎంబేల్వా బతిమాలాడట. తను కాదంటే ఇంకొకడి దగ్గర ఎక్కించుకుంటాడు, ఆ ఇంకొకడు లోపల ముక్క కూడా సరిగా అంటించడు అనుకుని, ముక్క తనే మళ్లీ గట్టిగా అంటించి ఎక్కించాడట. "తర్వాత ఊరంతా వాడు తాగాడంటుంటే, నోరు తెరిస్తే నా చేతులే కనపడతాయి కదా అని ఊరుకున్నా," అన్నాడు. అంటూ తన చేతుల వంకే చూసుకున్నాడు.

సింగానోకు కోపం రావలసింది. రాలేదు. అతని బుర్రలో ఇంకేదో తిరుగుతోంది. పండగ ముందు ఒకడు పికప్ బండిలో టైర్లు వేసుకుని స్టాండుకు వచ్చాడు. రేవు నుంచి నేరుగా దిగిన సరుకనీ, సగం ధరకే ఇస్తున్నాననీ చెప్పాడట. సింగానో ఆ రోజు మామగారి ఊళ్లో చావుకు వెళ్లాడు. తిరిగొచ్చాక మంచి బేరం పోగొట్టుకున్నావని స్టాండులో అందరూ ఏడిపించారు. అందరికన్నా ఎక్కువ ఏడిపించింది హోజా.

"ఎంబేల్వా ఒక్కడే కాదు బాబాయ్ కొన్నది. హోజా కూడా కొన్నాడు."

కిహియో గోడ వదిలి ముందుకు వచ్చాడు. "వాడు నా దగ్గరికి రాలేదే."

"డబ్బులు మిగుల్తాయని ఇంట్లో తనే ఎక్కించుకున్నాడు."

ఇద్దరూ రోడ్డు వైపు చూశారు. రోడ్డు లేదు, మంచు ఉంది. హోజా రేడియో పాట కూడా వినిపించనంత దూరం వెళ్లిపోయింది.

సింగానో ఫోను చేశాడు. మలుపులు మొదలైతే సిగ్నలు ఉండదని తెలిసీ మళ్లీ మళ్లీ చేశాడు. కిహియో మొంబో స్టాండులో తెలిసినవాడికి చేసి, హోజా దిగగానే బండి ఆపించమన్నాడు. అవతలివాడు అలాగేనన్నాడు. కానీ దిగితే కదా ఆపేది, ఆ మాట ఇద్దరిలో ఎవరూ పైకి అనలేదు. సంత రోజు కావడంతో స్టాండులో ఒక్క బండీ లేదు. ఉన్నది సింగానో బండి. దాని టైరు చీలి ఉంది.

"లోపల గేటరు అతుకు వెయ్యి బాబాయ్," అన్నాడు సింగానో.

కిహియో మూలన పడి ఉన్న పాత కారు టైరులోంచి పలచటి పొర ఒకటి కోశాడు. చీలిక కన్నా నాలుగు వేళ్లు ఎక్కువ ఉండేలా చూసుకుని, అంచులు ట్యూబును కొరకకుండా చెప్పులవాడిలా పలచగా చెక్కాడు. ఆకురాయితో రెండు వైపులా గరుకు చేసి, సొల్యూషన్ పూసి, ఆరేదాకా ఊదాడు. సింగానో కాలు కాలిన పిల్లిలా షెడ్డు ముందు తిరుగుతుంటే, తడి మీద అంటిస్తే దారిలోనే జారుతుందని కసిరాడు. ఆరాక లోపల అంటించి, సుత్తి పిడితో ప్రతి అంగుళం నొక్కాడు. ట్యూబు పెట్టి, గాలి కొంచెం కొట్టి, దించి, మడత పడలేదని చూసుకుని మళ్లీ కొట్టాడు. ముసలాయన పనిలో తొందరపడలేదు.

"ఇది కిందికి దిగి కొత్త టైరు కొనుక్కోవడానికి. అంతకు మించి కాదు," అన్నాడు. "ఎవర్నీ ఎక్కించుకోకు. మలుపులో బ్రేకు మీద నిలబడకు. దబ్ దబ్ అన్న చప్పుడు పెరిగితే దిగిపో, నడువు. విన్నావా? వాణ్ణి పట్టుకోవాలని నువ్వూ..." మిగతాది మింగేశాడు.

సింగానో బయల్దేరాడు.

అంత నెమ్మదిగా ఆ దారిన అతనెప్పుడూ దిగలేదు. చక్రం తిరిగిన ప్రతిసారీ గేటరు వేసిన చోట సీటు కింద చిన్న దెబ్బ తగిలేది. ఆ దెబ్బను వింటూ పోయాడు. ముందు చినుకులు, తర్వాత వాన. ఎర్రమట్టి రోడ్డు మీదికి కారుతోంది. ఒక్కో మలుపు దాటగానే లోయ అంచు మీద చక్రం జాడలు ఏమైనా ఉన్నాయేమోనని కళ్లు అటే పోయేవి. చేయి దానంతట అదే యాక్సిలరేటరు తిప్పబోయేది. తిప్పగానే ఆ దెబ్బలు దగ్గరయ్యేవి. మళ్లీ తగ్గించేవాడు. పిల్ల కాళ్లు మూటలోంచి వేలాడటమే గుర్తొచ్చేది. ఆ బండి మీద కూర్చున్నది ఎవరో కాదు. ఎంబేల్వాను చంపిన సరుకు మీదే ఎంబేల్వా పెళ్లాం బిడ్డ కూర్చున్నారు. ఆ సంగతి ఈ కొండ మీద తనకూ కిహియోకూ తప్ప ఎవరికీ తెలియదు.

గుడ్డిమలుపు వచ్చింది. కర్రలతో కట్టిన శిలువ వానలో పక్కకు ఒరిగి ఉంది. దాని దగ్గర రోడ్డు మీద కొత్త జారుడు గీత ఒకటి కనిపించింది. దిగి చూశాడు. అది కొండ వైపు పోయి తిన్నగా సర్దుకుంది. ఎవరో జారబోయి నిలదొక్కుకున్నారు. లోయలోకి తొంగిచూశాడు. తెల్లటి మంచు తప్ప ఏమీ లేదు. బండెక్కి కదిలాడు.

పళ్ల పాకల దగ్గర మొక్కజొన్న పొత్తులు కాల్చే ఆడమనిషి, హోజా రెండు బుట్టలు కట్టుకుని ఇప్పుడే వెళ్లాడని చెప్పింది. తల్లీ పిల్లా వెనకే ఉన్నారా అని అడిగితే, బుట్టల మధ్య ఇరుక్కుని కూర్చుందని నవ్వింది. బరువు ఇంకా పెరిగిందన్నమాట. సింగానో నీళ్లయినా తాగకుండా బయల్దేరాడు.

ఇంకో రెండు మలుపులు దిగాక రేడియో పాట వినిపించింది. కొండ చరియ మట్టి జారి రోడ్డుకు అడ్డంగా పడితే క్యాబేజీ లారీ ఒకటి ఆగిపోయి ఉంది. డ్రైవరూ క్లీనరూ పారలతో మట్టి తీస్తున్నారు. లారీ వెనక హోజా బండి మీదే కూర్చుని పాటకు తాళం వేస్తున్నాడు. తుమైని పిల్ల తల మీద కొంగు కప్పి వెనక కూర్చుని ఉంది.

సింగానో ముందు ఆమెతో, దిగు వదినా అన్నాడు. ఎందుకని అడగలేదామె. అతని ముఖం చూసి దిగింది. తర్వాత హోజాకు సంగతి చెప్పాడు. ఎంబేల్వా టైరు లోపల కుట్టు ఉందనీ, పికప్ వాడి సరుకంతా అదేననీ చెప్పి, వాడి బండి వెనక మోకాళ్ల మీద కూర్చున్నాడు. చక్రం చుట్టూ చూసుకుంటూ వస్తే, చైను వైపు టైరు పక్కన నిమ్మకాయంత ఉబ్బు కనిపించింది. దాని మీద రంగు పగిలి చెక్కులు లేచింది.

"చూడు."

హోజా దిగి చూశాడు. ముఖం ఒక్క క్షణం మారింది. వెంటనే నవ్వు తెచ్చుకున్నాడు. "బరువుకు అలాగే ఉంటుందన్నా. దింపాక సర్దుకుంటుంది."

"ఇక్కడే విప్పుదాం. లీవర్లు తెచ్చాను. చెయ్యి పెట్టి నువ్వే చూసుకో."

"వానలోనా? పళ్లు కొనేవాడు ఆగుతాడా? నీ బండి పోయిందని నా బేరం చెడగొట్టకన్నా. నెల రోజుల్నుంచీ చూస్తున్నా, నా టైరు మీదే నీ కళ్లు."

తుమైని వంగి, ఉబ్బు మీద వేలు పెట్టి, తీసేసింది. "నేను నడుస్తాను హోజా. పళ్లు ఇక్కడ దించెయ్యి, లారీలో పడేద్దాం," అంది. ఆ మాటకు వాడి పౌరుషం ఇంకా లేచింది. ఆడమనిషి నా బండి దిగి నడిచిపోయిందని స్టాండులో అంటారు అనుకున్నాడో ఏమో. మట్టి పక్కకు పడి బండి పట్టేంత సందు కాగానే స్టార్టు చేశాడు. సింగానో వెనక క్యారియరు పట్టుకున్నాడు. హోజా మోచేత్తో అతని చేయి తోసేసి, లారీ పక్కనుంచి దూరి వెళ్లిపోయాడు. రేడియో పాట కింది మలుపు తిరిగింది. ఇంకో మలుపు తిరిగింది.

తర్వాత ఆ చప్పుడు వచ్చింది. తుపాకీ పేలినట్టు ఒక్కటే. కొండంతా దాన్ని ఒకసారి తిప్పి చెప్పింది. ఇనుము రాతి మీద గీసుకుపోవడం వినిపించింది. ఆ తర్వాత పాట మాత్రమే వినిపించింది. అది ఆగలేదు.

పారలు పడేసి లారీవాళ్లు, వాళ్ల వెనక సింగానో, తుమైని పరుగెత్తారు. వెనక చక్రం లోయ వైపు కాకుండా కొండ వైపు ఊడ్చుకుపోవడం వల్ల హోజా బతికాడు. కాలవలో పడి ఉన్నాడు. బండి అతని ఎడమ కాలి మీద ఉంది. మోకాలి కింద కాలు ఉండవలసినట్టు లేదు. బేరిపళ్లు రోడ్డంతా దొర్లి, ఒక్కొక్కటీ అంచు దాటి మంచులోకి పోతున్నాయి. కింద పడిన చప్పుడు మాత్రం రావడం లేదు. హోజా వాటినే చూస్తూ, పళ్లు పోతున్నాయి, పళ్లు ఎవరైనా పట్టండి అంటున్నాడు.

బండిని లేపి వాణ్ణి బయటికి లాగారు. లారీ దాటాలంటే ఇంకా మట్టి తియ్యాలి, ఎంతసేపు పడుతుందో డ్రైవరు చెప్పలేకపోయాడు. సింగానో పైకి పరుగెత్తి తన బండి తెచ్చాడు. హోజాను తనకు కట్టేసుకుని దింపుతానన్నాడు. తుమైని ముందుకు వచ్చి బండి తాళంచెవి లాగి చేతిలో పట్టుకుంది.

"నీ టైరు సంగతేంటి ముందు చెప్పు."

"గేటరు వేయించాను."

"ఇద్దర్ని మోస్తుందా?"

అతను టైరు వంక చూసుకున్నాడు.

"అయితే లారీ వచ్చేదాకా ఆగుదాం," అంది. తాళం కొంగున ముడివేసుకుంది. తన నడుముకు చుట్టుకున్న గుడ్డ విప్పి, సింగానో చేత రెండు కర్రలు విరిపించి, హోజా కాలికి రెండు పక్కలా పెట్టి కట్టింది. వాడు అరిచినా వదల్లేదు. ఆ తర్వాత గట్టు మీద కూర్చుని పిల్లకు పాలిచ్చింది. వాన తగ్గింది. పైనుంచి పారల చప్పుడు వస్తోంది.

"సింగానో," అంది, పిల్ల వంకే చూస్తూ. "ఆయనకి తెలుసా?"

దారి పొడుగునా ఈ ప్రశ్నకు భయపడుతూనే వచ్చాడతను. తెలియదని చెబితే ఎంబేల్వా మీద మచ్చంతా తుడిచిపెట్టుకుపోతుంది. పికప్ వాడి మీదికి పోతుంది. కిహియోకు కూడా నింద తప్పుతుంది. ఆ ఒక్క మాట నోటి చివరిదాకా వచ్చింది.

"తెలుసు వదినా. బాబాయ్ చెప్పాడట. పళ్ల కాలం అయ్యాక తీసేస్తానన్నాడట."

"ముసలమ్మని ఎక్కించుకునేటప్పుడూ తెలుసు."

"తెలుసు."

ఆమె ఏడవలేదు. పిల్ల నోరు తుడిచి వీపున కట్టుకుంది. "రోజూ పొద్దున్నే నన్ను చర్చి దాకా దింపేవాడు. పండగ తర్వాత మానేశాడు. నడిస్తే మంచిదనేవాడు," అంది.

లారీ వచ్చాక హోజాను క్యాబేజీల మీద పడుకోబెట్టారు. తుమైని వాడి తల పట్టుకుని కూర్చుంది. సింగానో లారీ వెనకే, దాని జాడలోనే, నడకంత వేగంతో మొంబోకు దిగాడు.

ఆసుపత్రిలో హోజాను లోపలికి తీసుకెళ్లాక తుమైని ఫ్లాస్కు పట్టుకుని ఆడవాళ్ల వార్డుకు వెళ్లింది. సింగానో గుమ్మం దగ్గర నిలబడ్డాడు. సలోమె అవ్వ మంచం పక్కన ఆమె పెద్ద కొడుకు కూర్చుని ఉన్నాడు. తుమైని కూర్చోలేదు. మా ఆయన ఆ రోజు తాగలేదని మొదలుపెట్టింది. కొడుకు ముఖం తిప్పుకున్నాడు, ఈ మాట చాలాసార్లు విన్నవాడిలా. "కానీ టైరు బాగాలేదని ఆయనకి తెలుసవ్వా. తెలిసీ నిన్ను ఎక్కించుకున్నాడు. నాకు ఇవాళే తెలిసింది," అంది.

కొడుకు లేచి, ఆమెను తాకకుండా పక్కనుంచి బయటికి వెళ్లిపోయాడు. అవ్వ పైకప్పు వంక చూస్తూ ఉండిపోయింది. కాసేపటికి జావ ఇమ్మని చెయ్యి చాపింది. సగం తాగి గ్లాసు తిరిగి ఇచ్చింది. "రేపట్నుంచి రాకమ్మా. మా కోడలు తెస్తుందిలే," అంది. గొంతులో కోపం లేదు. ఇంకేదీ కూడా లేదు.

ఆ సాయంత్రం, సంతకు దిగి ఉన్న స్టాండువాళ్లు ఈ నెల చీటీ డబ్బు సింగానోకు ఇచ్చారు. పెద్ద కంపెనీ టైరు జోలికి పోకుండా, మొంబోలో పాత దుకాణంలో మామూలు రకం కొన్నాడు. కొనేముందు చెయ్యి పెట్టి లోపలంతా తడిమాడు. గాట్ల అడుగున గోరుతో గీకాడు. తెల్లగుడ్డ మీద రుద్ది రంగు అంటుతుందేమో చూశాడు. దుకాణదారు విసుక్కున్నాడు. అయినా మళ్లీ మొదట్నుంచీ తడిమాడు.

పికప్ వాడికి ఎవరు ఫోను చేసినా పలకలేదు. మరుసటి ఆదివారం ఆరాధన అయ్యాక కిహియో చర్చి ముందు నిలబడి ఎంబేల్వా సంగతి అందరికీ చెప్పాడు. తన చేతుల సంగతి కూడా దాచుకోలేదు. కొందరు విన్నారు, కొందరు మధ్యలోనే వెళ్లిపోయారు. అక్కడే టైర్లు తెప్పించి, ఎవడూ మళ్లీ కుట్టి అమ్మకుండా రంపంతో ముక్కలు చేశారు. ఎంబేల్వాది, హోజాది, అదే సరుకు కొని, జ్వరంతో ఇంట్లో ఉండిపోయిన ఇంకో కుర్రాడిది.

అప్పుడు షెకీఫు అనే నడివయసు మనిషి గొంతు సవరించుకున్నాడు. అదే స్టాండులో బండి నడుపుతాడు. పండగ ముందు తనూ ఒకటి కొన్నానన్నాడు. నాలుగు రోజులు తిప్పాక బండి అటూ ఇటూ ఊగుతుంటే అనుమానం వచ్చి, సంతలో అమ్మేశానన్నాడు. కొన్నవాడు ఎవరో తెలియదు. అవతలి కొండవాడు, ఆకుపచ్చ వానకోటు వేసుకున్నాడు. బడి పిల్లల్ని దింపే పని దొరికిందనీ, ముగ్గుర్ని ఒకేసారి ఎక్కించుకోవాలి కాబట్టి గట్టి టైరు కావాలనీ అడిగాడట.

మరునాడు సింగానో, షెకీఫు రెండు బండ్ల మీద అవతలి కొండకు వెళ్లారు. బడి బడికీ, స్టాండు స్టాండుకీ తిరిగి అడిగారు. వానకాలం కదా, ఆకుపచ్చ కోటు ప్రతివాడికీ ఉంది. పొద్దు వాలుతుంటే షెకీఫు వెనక్కి పోదామన్నాడు. సింగానో రోడ్డు పక్కన బండి ఆపుకుని, బడి వదిలాక పిల్లల్ని ఎక్కించుకుని దిగుతున్న బండ్లను ఒక్కొక్కటిగా ఆపి, వెనక టైరును గోరుతో గీకి చూస్తూనే ఉన్నాడు.